మధ్యాహ్నం తర్వాత పోయిన కళ్ళు

మా పెద్దమ్మ బుడ్డల మిల్లులో గింజలు ఏరేది. వేరుశనగను మా కర్నూలు పడమటి పల్లెల్లో బుడ్డలంటారు. పుచ్చు గింజనూ మంచి గింజనూ వేరు చేయాలంటే చేతులకన్నా ముందు చూపు కావాలి. ఏభై దాటేసరికి ఆమె కుడికంట్లో పొర కమ్మింది. మేస్త్రీ ఆమె గంపలో పుచ్చులు ఎత్తి చూపించి రెండుసార్లు పని మధ్యలోనే ఇంటికి పంపాడు. మా అమ్మ నా చిన్నతనంలోనే చనిపోతే నన్ను పెంచింది, మిషను బడిలో చదివించి టీచరును చేసింది ఈ పెద్దమ్మే. అందుకే మిల్లు షావుకారు తన గోడౌనులో ఉచిత కంటి శిబిరం పెడుతున్నాడని టముకు వేసినప్పుడు, వద్దు వద్దన్న మనిషిని బతిమాలి తీసుకుపోయింది నేనే.

శిబిరంలో పేర్లు రాయడానికి మా బడి నుంచి నన్ను పంపారు. వచ్చినవాళ్ళను వరుసగా నోటుబుక్కులో రాసుకుని, రవికకో చొక్కాకో అంకె వేసిన గుడ్డముక్క పిన్నుతో గుచ్చేదాన్ని. నలభై నాలుగు మందికి రాశాను. పెద్దమ్మది ముప్ఫై ఒకటి. ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చిన డాక్టరు పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి అందరికీ కోత పూర్తి చేశాడు. డోన్‌లో రైలు పట్టుకోవాలని మధ్యాహ్నం నుంచే తొందరపడ్డాడు. ఆయన వెళ్ళిపోతే ఒక కాంపౌండరు మిగిలాడు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, అందరినీ గోడౌను నేల మీద గడ్డి పరిచి పడుకోబెట్టారు.

మూడో రోజుకు వాసన మొదలైంది. మిల్లులో ఎప్పుడూ ఉండే నూనెచెక్క వాసన కాదు. పెద్దమ్మ పళ్ళు కరుచుకుని ములుగుతోంది. కట్టు అంచునుంచి పసుపు చీము చెంపమీదికి కారి, ఎండి, దానిమీద ఈగలు వాలుతున్నాయి. కాంపౌండరును పిలిస్తే తల కదిలించినందుకే నొప్పి అన్నాడు. కట్టు విప్పమంటే డాక్టరు చెప్పిన దినం దాకా విప్పకూడదన్నాడు. ఆ రెండు రోజులు నేను అతని మాట విన్నాను. చదువుకున్నదాన్ని, టీచరును, ఆ వాసన ముక్కుకు తగులుతూనే ఉంది, అయినా విన్నాను.

ఐదో రోజు పదిమందిమి కలిసి వాళ్ళను బస్సెక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. షావుకారు లారీ ఇవ్వలేదు. అక్కడి డాక్టరు కట్టు విప్పి చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, కన్ను కుళ్ళిపోయింది, తీసేయకపోతే రెండోదానికి కూడా పాకుతుందని చెప్పాడు. పెద్దమ్మ కన్ను తీసేశారు. ఆ వారంలో అట్లా పంతొమ్మిది మందికి తీశారు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని నోటుబుక్కు తెరిచి, కన్ను పోయినవాళ్ళ అంకెల పక్కన గీత పెట్టుకుంటూ పోయాను. ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా ఒక్క గీత పడలేదు. ఇరవై ఆరు నుంచి చివరిదాకా గీతలే. మధ్యాహ్నం భోజనాల తర్వాత కోసిన కన్ను ఒక్కటీ దక్కలేదు.

ఎందుకో చెప్పింది శిబిరానికి నీళ్ళు మోసిన ఆమె. పెద్దమ్మతో పదేళ్ళు గింజలు ఏరిన మనిషి. పొద్దున కట్టెలతో నీళ్ళు మరిగించి, ఆ నీళ్ళతోనే మందు కలిపి కళ్ళు కడిగారట. మధ్యాహ్నానికి కట్టెలు అయిపోయాయి. మిల్లు గుమాస్తాను అడిగితే, ఇంకెన్ని కట్టెలు తగలేస్తారని కసిరి, ఇంజను పక్కన ఉన్న సిమెంటు తొట్టిలోనుంచి తోడమన్నాడట. ఇంజనును చల్లబరిచే నీళ్ళు అవి. పాచి పట్టి, పైన నూనె తేలుతుండేవి. కాంపౌండరు చూశాడు, ఊరుకున్నాడు.

ఇది విన్న గొర్రెల కాపరి ఒకాయన, ముప్ఫై ఎనిమిదో అంకె, కోర్టుకు పోదామన్నాడు. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఊరంతా డేరాలు, జీపులు, బస దొరక్క చెట్లకింద పడుకునే గుమాస్తాలు. ఆ రద్దీలో వెతుక్కుంటూ పోయి ఒక ప్లీడరును పట్టుకున్నాము. ఆయన మొదట ఉత్సాహంగానే మాట్లాడాడు. ఒకే తప్పు వల్ల దెబ్బతిన్న వాళ్ళందరూ కలిసి ఒకే దావా వేయొచ్చని, శరీరానికి జరిగిన నష్టానికి ఏడాదిలోపల వేయకపోతే హక్కు పోతుందని చెప్పాడు. ఒక్కొక్కరే పోతే షావుకారు ముందు నిలవలేరు, పంతొమ్మిది మంది ఒక వరుసలో నిలబడితే జడ్జి చూడక తప్పదన్నాడు. నా నోటుబుక్కును రెండుసార్లు తిరగేసి, కేసుకు ఇదే ప్రాణమన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

కోర్టు ఫీజు కట్టలేని వాళ్ళం కాబట్టి పాపరు దావా వేశారు. అంటే ముందు మన బీదతనాన్ని రుజువు చేసుకోవాలి. కట్టుబట్టలు కాక నూరు రూపాయల ఆస్తి కూడా లేదని ఒక్కొక్కరూ బోనెక్కి ప్రమాణం చేసి చెప్పాలి. షావుకారు తరఫు వకీలు మా పెద్దమ్మను, కోళ్ళెన్ని ఉన్నాయి, గుడ్లు తింటావా అమ్ముతావా, చెవుల కమ్మలు ఎవరిచ్చారు అని అడిగాడు. మొగుడు పెట్టినవన్నది. వాటి బరువెంతో చెప్పమన్నాడు. ఆమె తెలియదంటే, తీసి చూపించమన్నాడు. కన్ను పోయిన గుంటలో ఇంకా దూది ఉంది. ఆ మనిషి అందరి ముందూ కమ్మలు విప్పుతుంటే వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. జడ్జి తల ఎత్తలేదు. ఆ నవ్వు ఎవరిదో తెలియదు గాని ఇప్పటికీ కోర్టు అన్న మాట వింటే నాకు అదే వినపడుతుంది.

బీదవాళ్ళమని ఒప్పుకోవడానికే కోర్టుకు నెలలు పట్టింది. తర్వాత ఆ వకీలు, ఇది ఒక దావా కాదు, పంతొమ్మిది కళ్ళు పంతొమ్మిది దావాలు అని వాదించాడు. ఒకరిది ముందే చెడిన కన్ను, ఒకరు చేత్తో నలుపుకున్నారు, ఒకరు పొయ్యి దగ్గర కూర్చున్నారు, ఎవరిది వాళ్ళు విడిగా తేల్చుకోవాలన్నాడు. జడ్జి మాత్రం ఒప్పుకోలేదు. నీళ్ళు ఒకటే కదా అన్నాడు. ఆ మొత్తం వ్యవహారంలో నేను విన్న మంచిమాట అదొక్కటే.

కోర్టు విడదీయనిదాన్ని మిల్లు గుమాస్తా విడదీశాడు. కట్టెలకు కసిరిన అదే గుమాస్తా. బస్తా బియ్యం బండిలో వేసుకుని ఒక్కొక్క గుడిసెకూ పోయాడు. ఒకరికి కొడుక్కు మిల్లులో పని, ఒకరికి ధాన్యం. ఆరుగురు వేలిముద్ర వేశారు. ఏం రాసుందో వాళ్ళకు చదివి చెప్పలేదు. కట్టు విప్పుకుని కన్ను నలుపుకున్నందుకే పోయిందని అందులో రాసుంది. ఆ కాగితాలే తెచ్చి మిగిలిన పదమూడు మంది మీద సాక్ష్యంగా దాఖలు చేశారు. ఆ ఆరుగురిలో ఒకామె మా చర్చిలో మా పక్క చాప మీద కూర్చునేది. ఆ తర్వాత ఆదివారాలు ఆమె వచ్చి కూర్చుంటే నేను లేచి వెనక్కి పోయేదాన్ని. పెద్దమ్మ కదలలేదు. ఆకలికి సిగ్గుండదు పాపా అన్నది. నాకు మాత్రం ఆమెను చూస్తే రోత పుట్టేది. ఆ రోత గుమాస్తా మీద పుట్టాల్సింది. కాని అతను చర్చికి రాడు గదా.

నీళ్ళు మోసిన ఆమెను సాక్షిగా పిలిపించారు. ఆమె మొగుడూ ఇద్దరు కొడుకులూ మిల్లులోనే పనిచేస్తున్నారు. బోనులో నిలబడి ఆమె మా వైపు చూడలేదు.

“నీళ్ళు తెర్లినాయి సామీ. పొద్దు గుంకేదాకా తెర్లతానే ఉండాయి,” అన్నది. తెర్లడమంటే మరగడం.

తొట్టి నీళ్ళ సంగతేమిటని మా ప్లీడరు అడిగితే, తొట్టి యాడుండాదో కూడా తనకు తెలియదన్నది. ఆ తొట్టి పక్కనే ఆమె పదేళ్ళు అన్నం తిన్నది. దిగి పోతున్నప్పుడు పెద్దమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగింది. పెద్దమ్మ గుర్తు పట్టి ఏదో అనబోయేసరికి గబగబా వెళ్ళిపోయింది.

తర్వాత నా వంతు. నోటుబుక్కు చూపించి ఇరవై ఆరు నుంచి జరిగింది చెప్పాను. వకీలు విని, నేను టీచరునా డాక్టరునా అని అడిగాడు. టీచరునన్నాను. మా బడి కప్పుకు రేకులు ఎవరిచ్చారని అడిగాడు. షావుకారే ఇచ్చాడు. చెప్పాను.

“మీ పెద్దమ్మ రానంటే బలవంతం చేసి తెచ్చింది ఎవరమ్మా?”

“నేనే.”

“చాలు,” అని కూర్చున్నాడు.

ఆ చాలుకు అర్థమేమిటో అక్కడ ఎవరూ అడగలేదు. అది చట్టంలో లెక్కకు రాదని మా ప్లీడరు తర్వాత చెప్పాడు. నాకు చట్టం కాదు కావలసింది.

ఆ రోజుల్లోనే బడి మేనేజరు నన్ను పిలిచి, బడికీ కోర్టుకూ కుదరదని మెత్తగా హెచ్చరించాడు. మా ప్లీడరు ఉత్సాహం కూడా తగ్గుతూ వచ్చింది. వాయిదా తర్వాత వాయిదా. మేము తెల్లవారుజామున సద్దిమూట కట్టుకుని బస్సెక్కి పోయి, పదకొండు గంటలకు మళ్ళీ వాయిదా అని విని తిరిగి వచ్చేవాళ్ళం. పదమూడు మందీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కోర్టు మెట్లెక్కుతుంటే, టీ కొట్టువాడు ‘ఒంటికంటి పటాలం వచ్చింది’ అనేవాడు. షావుకారు కూతురి పెళ్ళిలో మా ప్లీడరు వధూవరుల పక్కన నిలబడి అక్షింతలు వేశాడని గొర్రెల కాపరి విని వచ్చి చెప్పాడు. అడిగితే, పెళ్ళి వేరు కేసు వేరు అన్నాడు ప్లీడరు. పది రోజుల తర్వాత రాజీ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

అది ఇంగ్లీషులో ఉంది. అందరికీ తెలుగులో చదివి చెప్పమని నాకే ఇచ్చాడు. ఆయన వరండాలో పదమూడు మందీ గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను నిలబడి చదివాను. ప్రతివాదుల తప్పు ఏమాత్రం లేకపోయినా, వాదుల దీనస్థితి చూసి జాలితో ఇంత ఇస్తున్నారని, దీనితో ఎవరికీ ఏ హక్కూ మిగలదని, పదమూడు మందీ ఒప్పుకుంటేనే రాజీ, ఒక్కరు కాదన్నా ఎవరికీ ఏమీ లేదని దాని సారం. ఇస్తామన్నది ఒక్కొక్కరికి రెండు మేకలు కొనుక్కోవడానికి సరిపోతుంది. అందులో ప్లీడరు భాగం పోవాలి.

పెద్దమ్మ అంతా విని, “జాలి అనే మాట తీసేయమను పాపా. దుడ్లు తగ్గించుకోనీ. తప్పు వాళ్ళదే అని ఒక్క ముక్క రాయమను,” అన్నది.

ఆ మాట ఉండబట్టే డబ్బు ఇస్తున్నారని, అది తీసేస్తే డబ్బూ పోతుందని ప్లీడరు చెప్పాడు. ఆమె వేలు పెట్టనన్నది. తర్వాత మాట్లాడింది ఎవరో కాదు, కోర్టుకు పోదామని మొదట లేచిన గొర్రెల కాపరే.

“నీ రోషానికి మేమందరం పస్తుండాల్నా? నాకు మంద పోయె. నీకు టీచరు బిడ్డ ఉండాది, కూడు పెడ్తాది. మాకెవరు పెడ్తారు?”

ఎవరూ అతన్ని ఆపలేదు. అతను అన్నది అబద్ధమూ కాదు. ఆ కాగితం రాసినవాడెవడో శానా తెలివైనవాడు. షావుకారు ఆ వరండాకు రాకుండానే మా పన్నెండు మంది చేత పెద్దమ్మ మెడ వంచాడు. పెద్దమ్మ నా వైపు తల తిప్పింది. నేనేమంటానో అని చూస్తోంది. పెట్టేయి పెద్దమ్మా, అన్నాను. ఆమె వేలు చాపింది. ఇంకు పూసి, వేలు పట్టుకుని కాగితం మీద ఒత్తింది కూడా నేనే.

డబ్బు కోర్టులో ఇవ్వలేదు. మిల్లు గోడౌనులో, ఆ నేలమీదే, షామియానా వేసి ఇచ్చారు. షావుకారు ఒక్కొక్కరి చేతిలో కవరు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. ధర్మం చేయబోతే నిందపడ్డా తన మనసు మారలేదని మాట్లాడాడు. కన్ను పోయినవాళ్ళలో ఒకాయన చేత అతనికి దండ వేయించారు. ఆయన చేతులు మెడదాకా అందకపోతే షావుకారే తల వంచి వేయించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కవరు తీసుకుని, నమస్కారం పెట్టమని గుమాస్తా గొణిగితే వినపడనట్టు నడిచి వచ్చేసింది. బయటికి వచ్చి గోడ పట్టుకుని కక్కింది. నూనెచెక్క వాసనకు కావచ్చు. నేను నీళ్ళు తెచ్చి ముఖం కడిగాను.

ఆ మరుసటి వేసవికి నేను వేరే మిషను బడికి, రాయచోటి వైపు, బదిలీ చేయించుకుని ఆమెను కూడా తీసుకుపోయాను. మూడేళ్ళకు ఆమె ఎడమకంట్లో కూడా పొర కమ్మడం మొదలైంది. అక్కడ మంచి ఆసుపత్రి ఉండేది. మంచి డాక్టరమ్మ కూడా. ఆమె ఇంటికి వచ్చి, పరికరాలు తానే మరిగిస్తానని, నన్ను పక్కనే నిలబెట్టి అన్నీ చూపిస్తానని చెప్పింది. పెద్దమ్మ ఆమెకు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, మర్యాదగా పంపేసింది. నేను ఏడాదికి ఒకసారి అడిగేదాన్ని. వద్దు పాపా అనేది, కోపం లేకుండా. నాలుగోసారి తర్వాత అడగడం మానేశాను. చివరి ఐదేళ్ళు ఆమెకు పగలూ రాత్రీ ఒకటే. తడుముకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని, రాళ్ళను వేలితోనే ఏరి పక్కన పెట్టేది. అది కోస్తే నయమయ్యే గుడ్డితనమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.