పేరు చెప్పని డ్రిల్లు సారు

పోయిన మంగళవారం పొద్దున సోమందేపల్లె దగ్గర మా బడి ముందు బస్సు ఆగింది. దిగేవాళ్లు ఎవరూ లేరు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి నన్ను కేకేశాడు. "అన్నా, మన డ్రిల్లు సారు పోయినాడంట. నిన్న మాపటికే అన్నీ అయిపోయినాయంట." అంతే, బస్సు కదిలిపోయింది. ఆ కండక్టరూ ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాడే. నా చేతిలో హాజరు పట్టీ అలాగే ఉంది. పిల్లలు నా ముఖం చూసి అల్లరి ఆపేశారు.

నేను ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయింది. మా నేలలో తడి ఎంతసేపు నిలుస్తుంది కనుక. శుక్రవారం ఊరి బడిలో సంతాప సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. ఆయన క్రమశిక్షణ గురించి, ఓర్పు గురించి నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చున్నాను. బాగా మాట్లాడావని అందరూ అన్నారు. చెప్పాల్సిన మాటను మింగేశానని నాకు మాత్రమే తెలుసు. దాన్ని ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉరవకొండకు అవతల ఒక ఊరు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. వానలు వరసగా మొండిచెయ్యి చూపించిన ఏళ్లు కూడా అవే. బంతి కొనే స్తోమత మా బడికి లేదు. అందుకని సారు మా చేత చెడుగుడు ఆడించారు. మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు అయి వచ్చిన మనిషి, ఫుట్‌బాలు గురించి, హాకీ గురించి గంటలు గంటలు చెప్పగలరు. అయినా ఏ రోజూ మా లేమిని ఎత్తి చూపలేదు. "ఊపిరుంటే చాలప్పా, ఈ ఆటకి ఇంకేమీ వద్దు" అనేవారు. చిన్నా పెద్దా అందరినీ అప్పా అనే పిలిచేవారు. విజిలును జేబురుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. పిల్లలు నిలబడి ఉండగా ఆయన కూర్చోవడం నేను చూడలేదు.

మా గ్రౌండు అంటే గరుసు నేల. పడితే చర్మం లేచిపోతుంది. వంకలోంచి ఇసుక మోసుకొచ్చి, దాని మీద శెనక్కాయ పొట్టు పరిచి, మెత్తగా చేసుకునేవాళ్లం. అయినా రాళ్లు పైకి తేలుతూనే ఉండేవి. సారు పెట్టిన ఒక పద్ధతి ఉండేది. బయటి టీము వచ్చిన రోజు, వాళ్లు ముందుగా నిలబడే సగంలో రాళ్లు మేమే ఏరాలి. మా సగం తర్వాత. చెప్పుల్లేకుండా, మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో తడుముతూ ఏరాలి. ఇంకో పద్ధతి, వచ్చే టీము పిల్లల పేర్లు ముందే తెప్పించుకుని బోర్డు మీద మా పేర్లకంటే పైన రాసేవారు. "పేరు తెలిసినోన్ని కొట్టబుద్ధి కాదప్పా" అని నవ్వేవారు. ఆయన నమ్మకం అది. నా విషయంలో అది పారలేదు.

ఆ రోజు గుంతకల్లు టీము వచ్చింది. మా టీముకు నేను కెప్టెన్‌ని. అవతలి సగంలో రాళ్లు ఏరే పని నా వంతుకు వచ్చింది. సగం ఏరాను. ఎండ మాడ్చేస్తోంది, అప్పటికే జనం చేరుతున్నారు, కొత్త బనీను వేసుకుని ఉన్నాను. ఎవరు చూస్తారులే అని లేచి చేతులు దులుపుకున్నాను.

ఆట మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. నేను కూతకు వెళ్లాను. వాళ్లలో ఒకడు, బక్కపలచటి పిల్లవాడు, రైలు పట్టాల మీద పనిచేసే కూలీ కొడుకు, నా కాలి మడమ కోసం దూకాడు. పట్టు దొరకలేదు. నేను గీత తొక్కి వెనక్కి వచ్చేశాను, జనం ఈలలు వేశారు. అతను వెంటనే లేవలేదు. లేచేసరికి మోకాలి మీద చర్మం చీలి రక్తం కారుతోంది, చేతిలో గరుసు రాయి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టి నాకు చూపిస్తూ గీత దాకా వచ్చాడు.

"చూడప్పా, ఎంతుందో. మమ్మల్ని రాళ్లలో నిలబెట్టి ఆడిస్తారా మీరు?"

అతనన్నది నిజం. నిజం కాబట్టే నా ఒళ్లు మండింది. మూతి మీద కొట్టాను. పెదవి పగిలింది. తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడం కష్టం. రెండు టీములూ కలబడ్డాయి, జనం గీతలు తొక్కి లోపలికి వచ్చారు, మట్టిగడ్డలు లేచాయి. సారు అప్పటిదాకా ఆ చివర గుంపును వెనక్కి నెడుతూ ఉన్నారు. మా వైపు ఆయన వీపు ఉంది. విజిలు ఊది ఊది లాభం లేక, చేతులు బారజాపి మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. ఒక గడ్డ ఆయన నుదుటికే తగిలింది. అప్పుడు గానీ గొడవ ఆగలేదు.

"ముందు చెయ్యి ఎత్తింది ఎవరప్పా?" అని నన్ను అడిగారు.

"వాడే సార్. రాయి తీసుకుని నా మీదికి వచ్చినాడు" అన్నాను.

రాయి ఇంకా ఆ పిల్లవాడి చేతిలోనే ఉంది. ఊరంతా దాన్ని చూసింది. సారు రేకు గొట్టం అందుకున్నారు, ఆటల రోజు ప్రకటనలు చేసే గొట్టం. నుదుటి మీద మట్టి కూడా తుడుచుకోకుండా గట్టిగా చెప్పారు. "మా పిల్లోళ్లు ముందు చెయ్యి ఎత్తలేదు. రాయి పట్టుకుని వచ్చింది అవతలి పిల్లోడు. దీనికి నాది పూచీ."

జనం చప్పట్లు కొట్టారు. గుంతకల్లు టీముతో వచ్చిన అయ్యవారు పెద్దాయన, తెల్ల చొక్కా, సన్నని మనిషి. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా ఒకే ఒక్క మాట అడిగారు. "మీరు చూసినారా సార్?"

మా సారు నుదుటి మీద మట్టి తుడుచుకున్నారు. వాళ్లు పిల్లవాడి మోకాలికి తువ్వాలు చుట్టి బస్సు దగ్గరికి నడిపించుకుపోయారు. వాళ్ల కోసం దూరపు బావి నుంచి తెచ్చిపెట్టిన రెండు కడవల నీళ్లు ఎవరూ ముట్టలేదు.

పది రోజులకు ఒక కార్డు వచ్చింది. ఆ పెద్ద అయ్యవారే రాశారు. రైలింజన్ల లోకో షెడ్డులో ఆ పిల్లవాడికి పని ఇప్పిస్తానని వాళ్ల నాయనకు మాట ఇచ్చిన పెద్దమనిషి, రాయి పట్టుకుని కొట్లాడే పిల్లవాడు వద్దన్నాడట. టీములోంచి కూడా తీసేశారట. "తిట్టడానికి రాయడం లేదు, మీకు తెలియాలని రాస్తున్నాను" అని ముగించారు. సారు ఆ కార్డును ఆటల సామాన్లుండే గదిలో మా అందరి ముందూ చదివారు. చదివి, ఎవరి ముఖమూ చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

అందరూ వెళ్లాక నేను ఆగిపోయాను. "నేనే సార్" అన్నాను. రాళ్లు ఏరని సంగతి కూడా చెప్పాను. కొడతారని చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొడితే నా పాపం సగం తీరిపోయేదేమో. ఆయన కొట్టలేదు.

"నువ్వు నాకొక్కనికి అబద్ధం చెప్పినావు. నేను ఊరంతటికీ చెప్పినా. చూడంది చూసినట్టు చెప్పినా. నీది నువ్వు చూసుకో అప్పా, నాది నేను చూసుకుంటా."

మా ఊరి సంత గురువారం. ఆ గురువారం సంత నిండుగా ఉన్న వేళ సారు అదే రేకు గొట్టం పట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరు గదిలో కాగితం రాసిచ్చి ఊరుకోవచ్చు కదా అని ఎవరో అన్నారట. "మాట యాడ చెప్పినానో ఆడే వెనక్కి తీసుకోవాల, విన్నోళ్లందరూ ఈడనే ఉండారు" అన్నారట. మిరపకాయల రాసుల మధ్య నిలబడి, ఆ రోజు తాను చూడలేదనీ, ముందు చెయ్యి ఎత్తింది మా పిల్లవాడనీ, ఆ రాయి మా గ్రౌండుదేననీ చెప్పారు. గట్టిగా అరవలేదు, గొంతు తగ్గించనూ లేదు. బేరాలు కాసేపు ఆగి మళ్లీ సాగాయి.

స్కూలు కమిటీ పెద్ద మాత్రం మండిపడ్డాడు. "ఏమప్పా సారూ, వాళ్లే ఆట వదిలి పోయినారు, గెలిచినోళ్లం మనం. అయిపోయినదాన్ని మళ్లా యాల తవ్వుతాండావు? నీకు జీతమిచ్చేది ఈ ఊరా, గుంతకల్లా?"

"జీతం డ్రిల్లు నేర్పేదానికప్పా. అబద్ధం చెప్పేదానికి కాదు" అన్నారు సారు.

ఆ ఏడాదంతా ఆటలకు పోవడానికి కమిటీ మాకు బండి కట్టలేదు. ఎండలో మైళ్లకు మైళ్లు నడిచి పోయేవాళ్లం. ముందు సారు, వెనక మేము. నా వల్లే అని నాతో ఎవరూ అనలేదు. టీము పిల్లలు కూడా నోరు విప్పలేదు. ఆయన విప్పలేదు కాబట్టి.

ఇప్పుడు నేనూ పిల్లల చేత ఆటలు ఆడిస్తాను. రెండేళ్ల కిందట మా పిల్లలూ పక్క ఊరి పిల్లలూ కొట్టుకున్నారు. పెద్దలందరూ నా చుట్టూ చేరి "సారూ, ఏమి జరిగిందో చెప్పు, తప్పెవరిదో చెప్పు" అని ఒకటే ఒత్తిడి. ఆ క్షణంలో మనవాళ్లను వెనకేసుకొస్తే ఎంత సుఖంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మనవాళ్లనే నాలుగు తిట్టి మంచివాడిననిపించుకోవడం కూడా అంతే తేలిక. "నేను చూడలేదు. అందరినీ అడుగుతాను. రేపు సాయంత్రం ఇక్కడే నిలబడి చెబుతాను" అన్నాను. చెప్పాను కూడా. ఇంటికి వచ్చాక చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాను. అంత చిన్న మాటకే నాకలా ఉంటే, చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయన ఎంత కూడగట్టుకుని ఉండాలి.

ఆ రోజుల్లో, సంతలో ఆ మాట చెప్పిన తర్వాతి ఆదివారం సారు గుంతకల్లుకు బయలుదేరారు. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేనే వెళ్లి బస్సెక్కాను. వాళ్ల గ్రౌండులో ఆ రోజు ఇంకో టీముతో ఆట. చుట్టూ రైల్వే కాలనీ జనం కిక్కిరిసి ఉన్నారు. సారు ఆ పెద్ద అయ్యవారిని అడిగి, వెంట తెచ్చుకున్న రేకు గొట్టం పట్టుకుని మధ్యలోకి వెళ్లారు. నేను తలకు తువ్వాలు చుట్టుకుని గుంపు వెనక గోడ దగ్గర నిలబడ్డాను. నాకు రెండు బారల దూరంలో ఆ పిల్లవాడు ఉన్నాడు, మోకాలికి కట్టుతో. టీములో లేడు కదా, చూడటానికి వచ్చాడు.

"మీ పిల్లోడు ముందు కొట్టినాడని నేను చెప్పినా. అది అబద్ధం. కొట్టింది మా పిల్లోడు. మీ పిల్లోడు దెబ్బ తిన్నోడు, ఆ రాయి చూపించేదానికి వచ్చినాడు. నేను చూడకనే చెప్పినా. తప్పు నాది. ఈ పిల్లోని పని పోగొట్టొద్దండి."

గుంపులోంచి ఎవరో అరిచారు. "ఎవుడు వాడు? పేరు చెప్పు!" ఇంకో పక్కనుంచి, "పేరు చెప్పకుంటే ఈ మాటకి విలువ యాడుంది?"

"పేరు నాకు తెలుసు. నేను చెప్పను. పిల్లోని తప్పు పిల్లోడు చెప్పుకోవాల. నేను చెప్పుకోవాల్సింది చెప్పినా."

అలా అని ఆయన వెళ్లిపోలేదు. గొట్టం దించి అక్కడే నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆ గ్రౌండులో నాకొక్కడికే తెలుసు. ఆ పిల్లవాడు తల తిప్పి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. వేలు చూపిస్తే చాలు. చూపించలేదు, మెల్లగా ముఖం తిప్పుకున్నాడు. నేను తువ్వాలు విప్పాను. గోడ వదిలి ముందుకు రాలేదు. ఆట మొదలుపెట్టే విజిలు పడేదాకా కదల్లేదు.

తిరుగు దారిలో సారు "ఏమన్నా తిన్నావా అప్పా?" అని మాత్రం అడిగారు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆయన ఇంటికి వెళ్లాను. ప్రతిసారీ ఆ మాట ఎత్తాలనే వెళ్లేవాణ్ణి. వానల గురించి మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఆయన ఎన్నడూ తొందరపెట్టలేదు, ఎవరి దగ్గరా నా పేరు అనలేదు. ఇప్పుడిక వెళ్లడానికి ఆ ఇంట్లో ఆయన లేరు. నాకు ఏడుపు వస్తున్నది అందుకే.

ఆ పిల్లవాణ్ణి మరుసటి వారమే టీములోకి తీసుకున్నారు. పని మాత్రం ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది వాళ్లింట్లో ఎలా గడిచిందో నేను అడగలేదు. ఇప్పుడతను ఇంజను మీద ఉన్నాడు. మొన్న సమాధి దగ్గర కలిశాడు. "నువ్వు పత్రికల్లో రాస్తావంట కదన్నా. సారు గురించి రాయి. రాస్తే మాత్రం అంతా రాయి" అన్నాడు.

రాస్తున్నాను. ఆ ఆదివారం గుంతకల్లులో పేరు అడిగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు చెయ్యి ఎత్తినవాణ్ణి నేనే. ఆ రాయి ఏరకుండా వదిలేసిందీ నేనే. వినాల్సిన మనిషి వెళ్లిపోయాక చెబుతున్నానని నాకు తెలుసు. ఆయన మాత్రం నాకింకా అక్కడే కనిపిస్తున్నారు. రేకు గొట్టం కిందికి దించి, మిట్ట ఎండలో, జనం పేరు పేరు అని అరుస్తుంటే, ఒక్కొక్కరి ముఖమే చూస్తూ, నేను నిలబడ్డ గోడ వైపు మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పకుండా.