గళ్ళు పెద్దవి చేసిన రోజు

మొన్న మధురవాడలో మా అమ్మాయి పనిచేసే ఆఫీసుకి వెళ్తే, అక్కడొకావిడ తన ప్రోగ్రామును అరసెకను ముందే ముగిసేలా మార్చానని అందరికీ స్వీట్లు పంచుతోంది. నేనూ ఒకటి నోట్లో వేసుకుంటుంటే, రేవు దగ్గరి మా పాత గది గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో మా అక్క భర్తా నేనూ ఆ గదిలో కంప్యూటరు పని చేసేవాళ్ళం. ఏసీ మాకోసం కాదు, యంత్రం కోసం. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. ఇంజన్ చెడి కొట్టుకుపోయే పడవ ఎక్కడికి చేరుతుందో గాలినీ నీటి ప్రవాహాన్నీ బట్టి లెక్కగట్టే ప్రోగ్రాము రాశాం. అది సముద్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా చేసి, ఒక్కో గడిలో పడవ ఎటు జరుగుతుందో చూస్తుంది. గళ్ళు ఎంత చిన్నవైతే జవాబు అంత కచ్చితం, అంత ఆలస్యం కూడా. అప్పటిదాకా మాకు తొందరేం ఉండేది కాదు.

ఒక ఉదయం జాలరిపేట పడవ ఒకటి తిరిగి రాలేదని, దాన్ని చివరిసారి ఫలానా చోట చూశామని తోటి పడవలవాళ్ళ కబురొచ్చింది. మా వీధిలో చేపలమ్మే ఆవిడ భర్తా, మరిదీ అందులో ఉన్నారు. ఆవిడ మా గది గడప దగ్గరే కూలబడింది. గాలి ముదురుతోంది, మధ్యాహ్నం దాటితే లాంచీని వెతకడానికి పంపలేమన్నారు రేవువాళ్ళు. మా లెక్క తేలేసరికి సాయంత్రమవుతుంది.

నాకో ఉపాయం తట్టింది. ప్రోగ్రాము గాలి లెక్కని ప్రతి గడికీ మళ్ళీ మళ్ళీ చేస్తోంది. ఒక్కసారి చేసి మెమరీలో దాచుకుంటే చాలు కదా! అలాగే మార్చాం. కాసేపు పరుగెత్తింది, ఆ తర్వాత తెర బిగుసుకుపోయింది. దాచుకోవడానికి మెమరీ చాలలేదు.

"ఏటి బాబూ, ఇంకా తేలనేదా?" అంది ఆవిడ గడప దగ్గర్నుంచి.

"గళ్ళు పెద్దవి సేసేయ్ బావా," అన్నాడు మా బావ. ఇద్దరం ఒకర్నొకరం అలాగే పిలుచుకునేవాళ్ళం.

"అప్పుడు పడవ ఫలానా చోట ఉందని చెప్పలేం బావా. ఇంత మేరలో ఎక్కడో అనాలి. అదంతా వెతగ్గలరా?"

"సాయంత్రానికి సుక్క పెట్టి సూపించి ఏటి సేత్తావ్? అప్పుడు లాంచీ ఎల్లదు."

గళ్ళు పెద్దవి చేశాను. జవాబు త్వరగానే వచ్చింది. పటం మీద అరచేయంత మచ్చ! ఫోన్లో రేవు అధికారి "కచ్చితంగా ఎక్కడ?" అని కసిరాడు. "కచ్చితంగా తెలీదండి. ఈ మేరలో వెతకండి. అక్కడ కనబడకపోతే అంచులు దాటి కూడా చూడండి," అన్నాడు బావ. లాంచీ కదిలింది. ఊరికే ఉండలేక, పాత చిన్న గళ్ళతో లెక్క మళ్ళీ మొదలుపెట్టాం. ఆ పూట ఇద్దరం కుదురుగా కూర్చున్నదీ లేదు, తిన్నదీ లేదు.

పొద్దుగూకే వేళకి లాంచీ తిరిగొచ్చింది. పడవ మచ్చ అంచుకి కాస్త అవతల దొరికిందట. ఆవిడ భర్త ప్రాణంతో ఉన్నాడు. మరిదిని ముందు రోజే అల లాక్కుపోయిందట. ఆవిడ ఏడుస్తూనే బావ చేతులు పట్టుకుంది. "ఒకడినైనా తెచ్చినారు బాబూ," అంది. బావ గోడవైపు తిరిగిపోయాడు. మా వెనక యంత్రంలో చిన్న గళ్ళ లెక్క అప్పుడే ముగిసింది. తెర మీద, సరిగ్గా పడవ దొరికిన చోటే, చుక్క వెలిగింది.

ఇప్పటి కంప్యూటరు ఆ లెక్కంతా నేను కుర్చీ జరుపుకునేలోపు చేసేస్తుంది. నాలో ఆ మధ్యాహ్నం మాత్రం ఇన్నేళ్ళయినా అదే నెమ్మదితో గడుస్తూ ఉంటుంది.