డెకాకు జాగ ఉంచిన టీచరమ్మ

మా లెక్కల టీచరమ్మ పోయారని మొన్న పొద్దున సిరిసిల్ల నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా. ఆమె ఫోనుల డెకా అని ఉన్నది, గది నువ్వేనా?" అంది. నేనే అన్నాను. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఇక లేదని ఆ మాట అన్నాకే తెలిసింది. జగిత్యాలలో ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి సిరిసిల్ల బస్సెక్కాను. దారంతా ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది, కానీ ఆమెను ఎరిగినవాళ్లు నాకు ఎవరూ మిగల్లేదు.

కోరుట్లలో మా బడికి ఆమె సిరిసిల్ల నుంచి బదిలీ మీద వచ్చారు. ఒక అర్ర కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేవారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఊరందరికీ కావాలి. ఆరో తరగతి పిల్లలకు లెక్కలెందుకు రావో మాత్రం ఆమె ఒక్కరికే కావాలి.

మాకు రాని లెక్క ఒకటుండేది. మూడు కిలోమీటర్ల ఐదు మీటర్లను కిలోమీటర్లలో రాయమంటే తరగతి తరగతంతా ధీమాగా 3.5 అని రాసింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. "ఐదు మీటర్లంటే గీ గోడ నుంచి గా గోడ దాకనే. గది అర కిలోమీటరైతే మీరు నీళ్లు తాగొచ్చేసరికి బడి ఇడిసిపెడ్తరు," అన్నారు.

తర్వాత ఏడుగురిని వరుసగా కూర్చోబెట్టారు. కిలో, హెక్టో, డెకా, మీటరు, డెసి, సెంటి, మిల్లి. ఎవరి అంకె వాళ్లు వేళ్లతో చూపాలి, ఏమీ లేనివాళ్లు పిడికిలి బిగించాలి. కిలో మూడు వేళ్లు చూపింది, మీటరు అయిదు చూపాడు. నడుమ హెక్టో, డెకా పిడికిళ్లు పట్టారు. దశాంశ బిందువుకు ఒక చింతగింజ. గింజను కిలో పక్కన పెడితే 3.005 కిలోమీటర్లు, మీటరు పక్కకు జరిపితే 3005 మీటర్లు. "మీరు కదలద్దు, గింజే కదులుతది," అనేవారు.

డెకా నేను. ఆ పేరు ఎవరికీ వద్దంటే నాకు మిగిలింది. పక్కన హెక్టో నా ఒక్కగానొక్క దోస్తు. దాదాపు ప్రతి లెక్కలోనూ పిడికిలి పట్టుకుని కూర్చోవడమే నా పని. ఒకరోజు ఏడుపొచ్చింది.

"డెకాను ఎవలడుగుతరు టీచర్? దుకాణంల గూడ ఎవలడగరు."

"ఎవలడగకున్నా కూసోవాలె బిడ్డా. నువ్వు లేసిపోతే గా ఐదు మీటర్లు యాభై అయితయి. ఏం లేనోళ్ల జాగ గూడ జాగనే."

మా నాన్న అప్పటికే దుబాయి పోయి, ఫోన్లు రావడం ఆగిపోయి చాలా రోజులైంది. అమ్మ బీడీలు చేసి ఇల్లు నడిపేది. దుబాయి ఎంత దూరమని ఒకసారి టీచరమ్మను అడిగాను. కిలోమీటర్లలో చెప్తే భయమేస్తోంది, చిన్నగా ఉండేట్టు చెప్పమన్నాను. ఆమె గింజను చేతిలోకి తీసుకున్నారు. "గింజ ఎటు జరిపినా దూరం గంతనే ఉంటది బిడ్డా," అన్నారు. నాతో అబద్ధం చెప్పని పెద్దమనిషి ఆమె ఒక్కరే.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలై బడి బందయింది. టీచర్లంతా చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్నారు. ఉపన్యాసాలు కాస్త చల్లబడితే ఆమె మమ్మల్ని పిలిచి టెంటు అంచున వరుస కట్టించేవారు. పిడికిళ్లెత్తిన ఊరేగింపు వస్తుంటే, "సూడున్రి, గంతమంది డెకాలు ఒక్కతాన కూడిండ్రు," అని నవ్వేవారు. నేనూ చెయ్యెత్తేదాన్ని.

ఆ రోజుల్లోనే హెక్టో వాళ్లు మగ్గం పనికి మహారాష్ట్రలోని భీవండి పోయారు. వరుసలో ఆ చోటికి నేను జరగబోతే టీచరమ్మ వద్దన్నారు. తన గొడుగు మడిచి అక్కడ పెట్టారు. "గామె అచ్చేదాక గిది జాగ చూస్తది." హెక్టో మళ్లీ రాలేదు. గొడుగు పక్కన కూర్చుని నేను ఎంత ఒంటరిదాన్నయ్యానో ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత నా వంతు. సమ్మె ముగిసి బడి తెరిచినా అమ్మ నన్ను పంపలేదు. బీడీల మీద చెయ్యి కుదిరింది, ఇక బడి కలే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం టీచరమ్మ మా ఇంటికొచ్చి ఆకుల చాట పక్కన కూర్చున్నారు.

"నా వరుసల డెకా లేదక్కా. లెక్కంత తప్పుతున్నది."

"ఇంకెవలినన్న కూసోబెట్టు టీచరమ్మా," అంది అమ్మ.

"ఎవల జాగ వాళ్లదే."

"మరి బీడీలెవలు చెయ్యాలె?"

"బడి ఇడిసినంక చేస్తది. నేను గూడ అచ్చి ఆకు కత్తిరిస్త."

అన్నట్టే చాలా సాయంత్రాలు వచ్చారు. ఆమె కత్తిరించిన ఆకు ఒక్కటీ పనికొచ్చేది కాదు. అమ్మ వాటిని పొయ్యిలో వేస్తూ నాన్న దుబాయి పోయాక మొదటిసారి నవ్వింది. నేను బడికి పోయాను. వరుసలో నా చోట ఆమె చేతిసంచి ఉంది. తీసి భుజానికేసుకుని, "కూసో," అన్నారు, అంతే.

నాన్న రాలేదు, అమ్మా ఇప్పుడు లేదు. ఇప్పుడు దవాఖానలో మిల్లీగ్రాముల మందు సూదిలోకి ఎక్కించేటప్పుడు సున్న దగ్గర నా చెయ్యి ఆగుతుంది, సరిచూసుకుంటుంది. అక్కడ చోటు తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఆ జాగ్రత్త ఆమె పెట్టిన భిక్ష.

సిరిసిల్లలో ఆమె ఇంటి ముందు షామియానా వేసి జంపఖానా పరిచారు. ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు, పట్టే వీలూ లేదు. వరుస చివర్న కూర్చున్నాను.

"జర గిటు జరుగు బిడ్డా, నడుమ జాగ ఉన్నది గదా," అంది పక్కామె.

చూస్తే నిజమే, మా ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలాను.

"ఉండనియ్యమ్మా," అన్నాను. ఒళ్లో నా చెయ్యి పిడికిలి పట్టి ఉంది.