యాదగిరి గారి ఆరో డోసు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు నన్ను జనరల్ వార్డు నుంచి క్యాన్సర్ డే కేర్‌కు మార్చారు. సికింద్రాబాద్‌లో నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రి అది. పేరు ఇక్కడ అవసరం లేదు. కాగితాల మీద నా హోదా వార్డ్ అటెండెంట్. పిలవడం మాత్రం ఆయా అనే పిలిచేవారు, నేనూ ఆ పిలుపుకే పలికేదాన్ని.

డే కేర్ అంటే రోగి పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే చోటు. ఎనిమిది కుర్చీలు, రెండు మంచాలు ఉండేవి. అందరికీ పైన మందులతో క్యాన్సర్‌కు వైద్యం చేసే పెద్ద డాక్టరు గారు, ఆయన కింద డ్యూటీ డాక్టరు, తర్వాత ఇన్‌చార్జ్ సిస్టర్, ఇద్దరు స్టాఫ్ నర్సులు, చివరికి నేను. రోగి బరువు చూడడం, ఫార్మసీ నుంచి మందు పెట్టె తేవడం, సెలైన్ స్టాండు పట్టుకుని బాత్రూమ్ దాకా తోడు వెళ్లడం, దుప్పట్లు మార్చడం నా పని. ఫైల్లో డాక్టర్లు, సిస్టర్లు మాత్రమే రాయాలి. ఆయా చూసింది రాసుకోవడానికి ఫైల్లో చోటు లేదు.

నిజానికి అప్పటికి నాకు రాయడం వచ్చు. నలభై తొమ్మిదో ఏట, బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి దగ్గరి చర్చి హాల్లో, రిటైరైన ఒక టీచరమ్మ దగ్గర సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. అక్షరాలు పెద్దగా, గీత దాటి వచ్చేవి. ఆసుపత్రిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో పని మీద పడుతుందని నా భయం. అప్పటికే మోకాళ్లు అరిగాయి.

డే కేర్‌లో ఎక్కువమందికి కీమో ఎక్కించేవారు. కొందరికి మాత్రం ఇమ్యునోథెరపీ అనే కొత్త రకం మందు ఇచ్చేవారు. చిన్న సీసాలో నీళ్లలా ఉంటుంది. ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డ కట్టకూడదు, కుదుపకూడదు. ఐసు ప్యాకుల పెట్టెలో పెట్టుకుని నేను మెట్లు దిగకుండా లిఫ్టులోనే తెచ్చేదాన్ని. సిస్టర్ దాన్ని సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించేది. మూడు వారాలకు ఒక డోసు.

ఇన్‌చార్జ్ సిస్టర్‌ది కేరళ. పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నా ఆమె తెలుగులో అన్నీ 'ఉంది'తోనే ముగిసేవి. ఆ మందు ఎలా పనిచేస్తుందో నాకు ఆమే చెప్పింది. కీమో క్యాన్సర్‌ను తానే చంపుతుంది. ఇది అలా కాదు, ఒంట్లో నిద్రపోతున్న కాపలా సిపాయిని లేపుతుంది, వాడు వెళ్లి క్యాన్సర్‌తో తలపడతాడు. అయితే లేచినవాడు ఒక్కోసారి ఇంటివాళ్లనే పట్టుకుని కొడతాడు. పేగు మీద పడితే విరేచనాలు, ఊపిరితిత్తుల మీద పడితే దగ్గు, ఆయాసం. అందుకే ప్రతి డోసుకు ముందు రక్త పరీక్షలు చూసి, ఆ పైన సిస్టర్ అందరినీ అవే ప్రశ్నలు అడిగేది. "మోషన్స్ ఉందా? దగ్గు ఉందా? దద్దుర్లు ఉందా?" ఏదైనా ఉందంటే డోసు ఆపి డాక్టరు గారిని పిలిచేది.

యాదగిరి గారు తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ల యూనిఫారాలు కుట్టే దర్జీ. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సర్ వెన్ను ఎముకకు పాకాక ఆయన మా దగ్గరికి వచ్చారు. మొదటి రోజు చక్రాల కుర్చీలో తెచ్చారు. నాలుగు డోసుల తర్వాత స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. ఐదో డోసుకు నడిచి వచ్చారు. నా యూనిఫారం భుజం దగ్గర జారిందని, "ఎవడక్కా ఇది కుట్టింది? వాని చేతులు ఇరగ్గొట్టాలె" అని నవ్వించారు. మిషను మీద మళ్లీ కూర్చుంటున్నానని సిస్టర్‌కు రెండుసార్లు చెప్పారు.

అదే రోజు పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఆయాసంగా ఉందని చెప్పింది. ఆమెకు డోసు ఆపి పైవార్డుకు పంపారు. మళ్లీ ఆమె డే కేర్‌కు రాలేదు. యాదగిరి గారు ఆ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నారు.

ఆరో డోసు నాడు రక్త పరీక్షల రిపోర్టు కోసం గంటన్నర వేచి ఉండాల్సి వచ్చింది. ఆ గంటన్నరలో ఆయన మూడుసార్లు బాత్రూమ్‌కు వెళ్లారు. మూడోసారి బయటికి వచ్చి గోడ పట్టుకున్నారు. నేను చెయ్యి అందించాను.

"ఏమైందన్నా?"

"నిన్న మిర్చీలు తిన్న అక్కా, గంతే."

ఆయన భార్య వెనకే నిలబడి ఉంది. "ఏం మిర్చీలు? నాలుగు దినాల సంది పెరుగన్నం తప్ప ముట్టలే" అంది.

"నువ్వు జెర నోరు మూసుకో" అని ఆమెను కసిరి నా వైపు తిరిగారు. "అక్కా, నీకు దండం పెడ్త. సిస్టర్‌కు చెప్పకు. ఆపేస్తరు. ఈ మందుతోనే లేచి నిలబడ్డ. ఆపితే నన్ను మల్ల కుర్చీలనే తెస్తరు."

భార్య తల దించుకుంది. నేను సరేనన్నాను. జాలితో అన్నానని చాలాకాలం అనుకున్నాను. అలసటతో కూడా అన్నాను. చెబితే డాక్టరు గారిని పిలవాలి, పైవార్డులో మంచం వెతకాలి, స్ట్రెచర్ తేవాలి, అన్నీ నేనే తిరగాలి. నా మనసుకు నేను ఒక సాకు కూడా చెప్పుకున్నాను: రాసేది సిస్టర్, అడిగేది సిస్టర్, ఆయాది ఏముంది? నాకు అక్షరాలు రాని రోజుల్లో ఆ మాట నిజమే.

సిస్టర్ వచ్చి "మోషన్స్ ఉందా?" అని అడిగింది. ఆయన లేవన్నారు. నేను దుప్పటి మడత పెడుతున్నాను. ఆరో డోసు ఎక్కింది.

తొమ్మిదో రోజు ఆయనను ఎమర్జెన్సీకి తెచ్చారు. రోజుకు పన్నెండు, పదిహేను విరేచనాలు, వాటిలో రక్తం. బీపీ పడిపోయింది. ఆ మందు లేపిన సిపాయి పేగును చీరేస్తున్నాడన్న మాట. ఐసీయూలో పెట్టి, వాణ్ని అణచడానికి ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఎక్కించారు. నాలుగో రోజుకు గాని తగ్గుముఖం పట్టలేదు. బతికారు. ఇంటికి పంపే నాటికి ఎనిమిది కిలోలు తగ్గారు, బరువు చూసింది నేనే.

డాక్టరు గారు ఆయన భార్యకు చెబుతుంటే విన్నాను. విరేచనాలు తేలికగా ఉన్నప్పుడే తెలిసి ఉంటే డోసు వాయిదా వేసి, మాత్రలతో తగ్గించి, కొన్ని వారాల తర్వాత బహుశా మళ్లీ మొదలుపెట్టేవారట. ఇంత తీవ్రంగా వచ్చాక ఈ మందు ఇక ఎప్పటికీ ఇవ్వకూడదట. ఏది ఆగిపోతుందని ఆయన దాచారో, అదే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను సిస్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. "ఎన్నిసార్లు?" అని అడిగింది. మూడు, గంటన్నరలో, అన్నాను. కాసేపు ఫైలు తిరగేసి, నాలుగు రోజులుగా ఉన్నట్టు కూడా తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. నాకు రాయడం వచ్చని కూడా అప్పుడే చెప్పాను. "ఇన్ని రోజులు ఎక్కడ ఉంది, ఈ చదువు?" అంది.

తర్వాతి వారం నుంచి బాత్రూమ్ తలుపు పక్కన ఒక అట్ట వేలాడదీశాము. కుర్చీ నంబరు, వెళ్లిన వేళ, తేడాగా ఉంటే ఒక గుర్తు. అది నేను రాసేదాన్ని. ఆయా రాసింది ఫైల్లో పెట్టడానికి వీల్లేదని పై ఆఫీసు వాళ్లు అన్నారు. అందుకని సిస్టర్ దాన్ని చూసి తన చేతితో ఫైల్లో ఎక్కించి సంతకం పెట్టేది. ప్రశ్నలు అడగడానికి ముందు ఆమె అట్ట చూడడం అలవాటైంది.

యాదగిరి గారు స్టెరాయిడ్ మాత్రలు తగ్గించుకుంటూ రివ్యూకు వచ్చేవారు. ఒకసారి బరువు చూస్తూ, ఆ రోజు నేను చెప్పి ఉండాల్సిందని ఆయనతో అన్నాను.

"చెప్తే తిట్టేటోన్ని" అన్నారు. "నీ మొఖం సుత చూడకపోదును."

"తిడితే పడేదాన్ని కదన్నా."

ఆయన బరువు మిషను దిగి సిస్టర్ గదిలోకి వెళ్లారు. లోపల సిస్టర్ ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగితే, "నన్నెందుకు అడుగుతరు? ఆ అక్కనడుగుండ్రి, ఆమె తాన లెక్క ఉంటది" అన్నారు.

మందు లేకుండానే ఏడు నెలలు క్యాన్సర్ కదలలేదు. తర్వాత ఎముకల్లో మళ్లీ పెరిగింది. కీమో ఇచ్చారు, అది పట్టలేదు. మరుసటి వానాకాలంలో ఆయన పోయారు. ఆ మందు కొనసాగి ఉంటే ఇంకా ఎంతకాలం ఉండేవారని డాక్టరు గారిని అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారని అనుకోను. తెలియదు కనుకే తెలియదన్నారు.

రిటైరయ్యేదాకా నేను ఆ డే కేర్‌లోనే పనిచేశాను. నేర్చుకున్నది ఒకటే. రోగి ఒక మాట దాచమని అడిగాక దాన్ని చెప్పడం కష్టం, అందుకని అడగకముందే మన పద్ధతి చెప్పేయాలి. కొత్తగా ఎవరు వచ్చినా, బరువు మిషను ఎక్కించేటప్పుడే చెప్పేదాన్ని: నాతో ఏదైనా చెప్పుకోండి, కానీ ఒంటి సంగతి చెబితే రాసేస్తాను. కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడేవారు కాదు. అట్ట మీద మాత్రం వాళ్ల కుర్చీ నంబరు ఉండేది.