ఘాటు రాని మిరపకాయలు

మొదటి జీతం అందుకున్న ఆ రోజుల్లో, ఇంట్లో నాకన్నా తెలివైనవాళ్లు ఎవరూ లేరని గట్టిగా నమ్మేదాన్ని. హోసూరు ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. కుడిచేతికి అవ్వ కట్టిన దిష్టితాడు, నల్లపూసల మధ్యలో చిన్న వసకొమ్ము ముక్క. (మావైపు పసిబిడ్డలకు కట్టేది అది. అవ్వ లెక్కలో నేనింకా పసిబిడ్డనే.) హాస్టలు పిల్లలు "పాప పాలు తాగిందా?" అని ఆటపట్టించేవాళ్లు. వాళ్ల చేతులకు ఫ్యాన్సీ స్టోరులో కొన్న నీలిగాజు కన్నుల గొలుసులు. అవీ దిష్టికే, కాకపోతే ఫ్యాషను. ఒక ఆదివారం నేనూ ఒక నీలికన్ను కొనుక్కుని, అవ్వ తాడును కత్తెరతో కత్తిరించి పారేశాను.

మా ఊరు కెలమంగలంలో బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టానో లేదో, అవ్వ చూపు నా మణికట్టు మీద పడింది.

"తాడు యాడమ్మా?"

"అదే తెగిపోయిందవ్వా."

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. తాడు దానంతట అది తెగిందంటే, మనకు తగలాల్సిన చూపు అది తీసుకుందని లెక్క. "ఎవురి కన్నో పెద్దదే పడినాది," అంటూ నా నీలికన్నును అనుమానంగా తిప్పి చూసింది. "కంటిదిష్టికి కన్నే కట్టుకుంటారామ్మా? దొంగచేతికి తాళాలిచ్చినట్లుండాది!"

వెంటనే ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. నశ్యం పీల్చి పీల్చి అవ్వ ముక్కు ఏనాడో మొద్దుబారింది కనుక తీర్పు చెప్పాల్సింది నేనే. ఘాటా? ప్రాణం పోయేంత వచ్చింది! కానీ దగ్గితే దిష్టి లేదని తేలుతుంది. దిష్టి లేకపోతే తాడెందుకు తెగిందని అడుగుతుంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"ఘాటు వస్తా ఉందా?"

"లే...దవ్వా."

"మరి కండ్లలో నీళ్లేంటికి?"

"నిన్ను చూసి చాన్నాళ్లయినాది కదవ్వా."

అవ్వ కరిగిపోయింది. పెళ్లినాడు వాళ్లమ్మ కట్టిన నల్లపూసల తాడు తన చేతినుంచి విప్పి నాకు కట్టింది. "నాకేంటికమ్మా ఇంక? నన్నెవురు చూస్తారు?" అని నవ్వింది. ఆ చేత్తోనే తను పట్టుపురుగులకు ఆకు వేసేదని, ఆ పూసలే పురుగును కాస్తాయని నమ్మేదని నాకు తెలుసు. అయినా ఆ తాడు ఉంచేసుకున్నాను.

ఆ నెల పురుగులకు రోగం తగిలి తట్టలకు తట్టలు పారబోశారు. రోగం చూపుతో రాదని నేను చదువుకున్నాను. అవ్వ చదువుకోలేదు. తన బోసి చేతిని చూసుకుంటూ, "పురుగు పోతే మళ్లీ సాకొచ్చులే. నువ్వు బాగుండావు, అది చాలు," అంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అవ్వ పోయేదాకా చెప్పలేదు. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

నీలికన్ను రంగు వెలిసి ఎక్కడో పోయింది. అవ్వ పూసలు మాత్రం నా చేతికే ఉన్నాయి, రెండుసార్లు తాడు మార్పించాను. ఇప్పుడు మా వంటింట్లో తాలింపు మాడితే మా ఆయన కిటికీ తెరవడానికి పరుగెత్తుతాడు. నేను పొయ్యి దగ్గరే నిలబడి, వీధంతా వినిపించేలా దగ్గుతాను. కళ్లు తుడుచుకుంటూ ఆ తెలివైన పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. ఆ పిల్ల బదులు నేనే చెబుతాను: "వస్తా ఉందవ్వా, ఘాటు బాగా వస్తా ఉంది."