పదకొండు ఇరవై నుంచి రెండు పది దాకా

సూదత్తకు ఆ పేరు మిషను వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి రెండు గుచ్చందే ఊరుకోదు. బ్యాడ్జీలు కుట్టే ఆ కార్ఖానాలో పందొమ్మిదేళ్ళుగా ఆవిడది ఒకటే చోటు, కిటికీ పక్కనున్న పెద్ద మిషను. పన్నెండు సూదులు ఒకేసారి దిగి ఒకేసారి లేస్తాయి. కంప్యూటర్లో అక్షరాలు అమర్చడం, దారాలు ఎక్కించడం, ఫ్రేము బిగించడం అన్నీ ఆవిడే. మిగతా నలభై మంది ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని మిగులు దారాలు కత్తిరిస్తారు, అట్టపెట్టెల్లో సర్దుతారు.

అక్కడ తయారయ్యేవన్నీ ప్రభుత్వ రక్షక దళానికి వెళ్ళే భుజం బ్యాడ్జీలు. పైన రాజ్యముద్ర, కింద పట్టీ మీద రాజ్యం నినాదం: "ఎవరి ముందూ తల వంచం." కార్ఖానా గేటు మీదా అదే రాసి ఉంటుంది, జీతం చీటీ మీదా అదే ఉంటుంది. కత్తెర బల్ల దగ్గర నవ్వులామె అని ఒకావిడ ఉండేది. మొదటి రోజే ఆ పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, "తల వంచకపోతే దారం ఎట్లా కనబడుతుందత్తా?" అంది. వరసంతా నవ్వింది. ఆ ఒక్క నవ్వుకి అందరికీ ఆ రోజు టీ బంద్ అయింది.

బంద్ చేసింది సూపర్‌వైజరు. చేతికి వాచీ, గోడకు వాచీ, బల్ల మీద ఇంకో వాచీ పెట్టుకునే మనిషి కాబట్టి అందరూ గడియారం అనేవాళ్ళు. బాత్రూముకి నాలుగు నిమిషాలు. ఐదో నిమిషం రాగానే వెళ్ళి పెన్నుతో తలుపు కొట్టేవాడు. ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర ట్రేలో పెట్టి రావాలి. ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా అద్దాల గదిలోని ఆయన ఫోనుకే చెయ్యాలి. ఆయన చెబితే తెలిసినట్టు, చెప్పకపోతే లేనట్టు.

సూదత్తకు ఒక అక్క ఉండేది. పదకొండేళ్ళు పెద్దది. తల్లి పోయాక ఎత్తుకు తిప్పింది, సూది పట్టడం నేర్పింది, ఇదే కార్ఖానాకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపింది. ఆ అక్కకు ఒక పొద్దున గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రి కార్ఖానాకు రెండు వీధుల అవతల. నడిస్తే పది నిమిషాలు, పరిగెడితే ఐదు. బావ పదకొండు ఇరవైకి ఫోన్ చేశాడు. గడియారం వచ్చి సూదత్త భుజం తట్టింది రెండు పదికి, భోజనాల గంట మోగాక.

"మీ అక్కకు బాగాలేదట. ఇప్పుడే ఫోనొచ్చింది" అన్నాడు.

ఆవిడ వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. రెండింటికి పావుగంట ముందే అయిపోయిందన్నారు.

మూడో రోజు బావ తన ఫోను తీసి చూపించాడు. అందులో టైము స్పష్టంగా ఉంది. సూదత్త అద్దాల గదిలోకి వెళ్ళి అడిగితే గడియారం తల కూడా ఎత్తలేదు. "మీ బావ కంగారులో ఎవరికో చేసి ఉంటాడు. నాకు రెండు దాటాకే వచ్చింది. వెళ్ళి పని చూసుకో, మూడు నిమిషాలయింది" అన్నాడు. బయటికొచ్చి అందరికీ అదే మాట చెప్పాడు. కొందరు నమ్మారు కూడా.

ఆ తర్వాత పదకొండు నెలలు సూదత్త నోట్లోంచి ఒక్క పుల్లవిరుపు మాట రాలేదు. అత్త మెత్తబడింది అనుకున్నారు. మెత్తబడలేదు, కాచుకుని కూర్చుంది. ఆయన ఉద్యోగం పోవాలని కాదు, కాలో చెయ్యో విరగాలని కాదు. ఫోను పదకొండు ఇరవైకే వచ్చిందని ఆ మనిషి తన నోటితో, ఆ నలభై మంది ముందు అనాలి. ఆవిడకు కావలసింది అంతే. రాత్రి అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సులో కమ్మీ పట్టుకున్నా అదే.

అవకాశం రక్షక దళమే ఇచ్చింది. నినాదం అక్షరాలు దూరానికి కనబడటం లేదు, పెద్దవి చేయమని కొత్త ఆర్డరు వచ్చింది. కొత్త అక్షరాలంటే కొత్త శాంపిలు. ఆ పనిలో శాంపిలే చట్టం. మొదటి ముక్క వెనక సూపర్‌వైజరు చెరగని ఇంకుతో సంతకం పెడతాడు, దాన్ని మిషను నడిపేవాళ్ళే కవర్లో పెట్టి లక్కతో సీలు వేస్తారు. సరుకు తీసుకునే అధికారి వచ్చినప్పుడే మళ్ళీ విప్పేది. అక్కణ్ణుంచి ప్రతి ముక్కా ఆ శాంపిలు లాగే ఉండాలి.

ఫ్రేములో బట్ట బోర్లా ఉంటుంది. సంతకం పెట్టాల్సిన వెనకవైపే పైకి ఉంటుంది, అక్కడ దారాల చిక్కు తప్ప అక్షరాలు తెలియవు. ముందువైపు చూడాలంటే నాలుగు మరలు విప్పి తిప్పాలి, మళ్ళీ బిగించాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మిషను ఆగుతుంది. మిషను ఆపడం గడియారం వల్ల అయ్యే పని కాదు. తన ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఆయన ఫ్రేము విప్పించలేదని సూదత్తకు తెలుసు.

"సరిగ్గా ఉందా?" అన్నాడు పెన్ను తీస్తూ.

"తిప్పి చూడండి సార్."

"నువ్వు చూశావుగా."

"చూశాను."

"మరింకేం?" సంతకం పెట్టి వాచీ చూసుకున్నాడు.

మొదటి విడత ఆరువందలు. రెండు రోజుల పని. తొలి కట్ట కత్తెర బల్ల మీదికి వెళ్ళగానే నవ్వులామె ఒకటి తిప్పి చూసి గుడ్లు తేలేసింది. పైన రాజ్యముద్ర ఉంది. కింద నినాదం లేదు. దాని చోట పెద్ద అక్షరాల్లో, బంగారు దారంతో, 11.20 – 2.10 అని ఉంది.

"అత్తా, ఇదేంటి?" అంది గొంతు తగ్గించి.

"శాంపిలు లాగే ఉందా?"

"ఉంది."

"అయితే దారం కత్తిరించు."

నవ్వులామె పక్కావిడకు చూపించింది, ఆవిడ ఆ పక్కావిడకు. ఆ అంకెలేమిటో ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. నలభై మందిలో ఒక్కరైనా గాజు తలుపు తట్టి చెప్పి ఉండొచ్చు. చెబితే మంచి పేరు వచ్చేది. ఎవరూ కదల్లేదు. బాత్రూం తలుపు మీద పెన్ను చప్పుడు విననివాళ్ళు ఆ గదిలో లేరు. గడియారం వరసల మధ్య ఎప్పటిలాగే తిరిగాడు. ఆయన చూసేది మనుషుల్ని, బట్టను కాదు.

మూడో రోజు అధికారి వచ్చాడు. సన్నగా, దగ్గుతూ ఉండే మనిషి. లక్క పగలగొట్టి శాంపిలు తీశాడు, పెట్టెలోంచి ఒక బ్యాడ్జీ తీశాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి. బాగానే ఉంది. నినాదం ఏదయ్యా?"

గడియారం వంగి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్, కానీ..."

"ఈ అంకెలేంటో తెలిసి పెట్టావా, చూడకుండా పెట్టావా? ఏదో ఒకటి చెప్పు, అదే రాసుకుపోతాను."

తెలిసి పెట్టానంటే గడియారం జైలుకి పోతాడు. చూడకుండా పెట్టానంటే ఉద్యోగం ఉండదు. ఉన్నట్టుండి మిషను వైపు వేలు చూపించాడు. "ఈవిడ చేసిన పని సార్! నా మీద కక్ష. పోయినేడాది ఆ ఫోను విషయంలో..."

"ఏ ఫోను?"

"వాళ్ళక్కకు బాగాలేదని పదకొండు ఇరవైకి వచ్చిన ఫోను సార్. పని మధ్యలో చెబితే మిషను ఆగిపోతుందని భోజనాల దాకా ఆగాను. దానికే ఇంత..."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. అప్పటికే కత్తెరలన్నీ ఆగిపోయాయి.

సూదత్త స్విచ్చి నొక్కి మిషను ఆపింది. పన్నెండు సూదులు పైకి లేచి నిలిచాయి. "వెనక బల్లకు వినబడలేదు. ఇంకోసారి చెప్పు" అంది. పందొమ్మిదేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"ఏమన్నావ్?"

"ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు చెప్పావు. నిమిషాలతో సహా చెప్పు. లెక్క నీకు బాగా వచ్చుగా."

అధికారి దగ్గాడు. "చెప్పవయ్యా, నాక్కూడా రాసుకోవాలి."

"పదకొండు ఇరవై. రెండు పది. రెండు గంటల యాభై నిమిషాలు." అని, చెమట తుడుచుకుంటూ, ఇదొక్కటే తనను గట్టెక్కిస్తుందన్నట్టు గబగబా అన్నాడు. "తప్పంతా నాదే కాదు సార్. రెండోసారి ఆ జబ్బు మనిషే చేసింది, నర్సు ఫోన్లోంచి. పన్నెండు ముప్పావుకి. పనిలో ఉంటే పిలవొద్దులే బాబూ అని ఆవిడే అంది."

బావ మందులకు వెళ్ళినప్పుడు అక్క చేసి ఉంటుంది. ఏమందో ఈ భూమ్మీద ఈ ఒక్క మనిషికే తెలుసు. అన్నాళ్ళూ అన్నం ముందు కూర్చుని సూదత్త ఊహించుకున్న ఆ తీపి ఒక్క క్షణం కూడా నిలవలేదు.

"అక్క మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఆ మాట పదకొండు నెలలు నీ దగ్గరే దాచుకున్నావా?"

"చెబితే మొదటి ఫోను బయటపడుతుందని..."

అధికారి పెట్టెలు మూసి, సరుకు వెనక్కి పంపమని కాగితం మీద రాశాడు. ఆవిణ్ణి బయటికి పంపించెయ్యమని గేటు మనిషికి సైగ చేశాడు. నినాదం పోయిన బాధ తప్ప ఆయనకు ఇందులో ఇంకేమీ పట్టలేదు. సూదత్త గేటు వైపు వెళ్ళలేదు. తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళి, గడియారం కుర్చీకి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీలో అప్పటిదాకా పనివాళ్ళెవరూ కూర్చోలేదు. గడియారం వెనకే వచ్చి తన కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"గొంతు ఎట్లా ఉంది?" అని అడిగింది.

"ఎవరి గొంతు?"

"అక్క గొంతు. ఆయాసపడుతూ అందా, మామూలుగా అందా? ఇంకేమంది? పేరు పెట్టి అడిగిందా, చెల్లి అందా?"

"నాకు గుర్తు లేదు."

"నిమిషం గుర్తుందిగా."

"నిజంగా గుర్తు లేదమ్మా."

గేటు మనిషి గుమ్మంలోకి వచ్చాడు. నవ్వులామె కత్తెర పట్టుకునే లేచి వచ్చి అతనికి అడ్డంగా నిలబడింది. ఆవిడ వెనక ఇద్దరు, వాళ్ళ వెనక బల్లంతా. గేటు మనిషి ఆ కత్తెరలు చూసి అక్కడే ఆగాడు.

"గుర్తు తెచ్చుకో" అంది సూదత్త. "నాకు తొందరేం లేదు."