ముదురు పాకం

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల చివర, అమెరికాలో మేమున్న షికాగో దగ్గరి షామ్‌బర్గ్‌లో బెల్లం దొరికేది కాదు. మా అమ్మ బ్రౌన్ షుగర్‌తోనే అరిసెలు వండింది. అవి నూనెలోనే విడిపోయాయి. పారేయడానికి మనసొప్పక, ఆ ముక్కల్నే పళ్లెంలో సర్ది క్రిస్మస్‌కి మా తెలుగు చర్చికి పట్టుకెళ్లింది. అక్కడ అందరూ నోటికి జడిసే ఆంటీ ఒకావిడ ఉండేది. హాలంతా వినబడేలా, "ఇవి అరిసెలా, ఉప్మానా వదినా? స్పూన్లు మర్చిపోయారే," అంది. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది, ఆ తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చింది. ఇక ఏడాదంతా చర్చికి మిఠాయన్నది చేయలేదు, పేపర్ ప్లేట్లు కొని తీసుకెళ్లేది. ఆవిణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మా పక్కింటి బామ్మది జార్జియా. అట్లాంటా ఉన్న జార్జియా కాదు, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్నది. కొత్త సంవత్సరానికి ఆమె తేనె, అక్రోట్లతో గోజినాకి చేసేది. మన వేరుశనగ అచ్చులాంటిదే. మరుసటి క్రిస్మస్ ముందు అది నేర్పమని వెళ్లాను. నా జేబులో కారప్పొడి పొట్లం ఆమె కంటబడింది. ఎవరికని అడిగితే, ఉప్మా మాటతో సహా అంతా చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. పొట్లం చెత్తబుట్టలో పడేసి, వచ్చీరాని ఇంగ్లిషులో, "కారం కలిపితే మీ అమ్మకే చెడ్డపేరు. తేనెనే ఇంకాస్త మరగనిద్దాం," అంది.

ముందు అందరికోసం చేశాం. తేనె చుక్క చన్నీళ్లలో వేసి పాకం చూసి, వేయించిన అక్రోట్లు కలిపి, తడి చెక్క మీద పరిచి ముక్కలు కోశాం. గిన్నె అడుగున కాస్త మిగిల్చి ఆమె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అది నల్లబడుతుంటే, "మా అత్తగారికి ఒకసారి ఇలాగే చేశాను," అని తనలో తనే నవ్వుకుంది.

రెండు రకాల ముక్కలూ కలిపి ఇంటికి తెచ్చాక అమ్మ ఒక నల్ల ముక్కను గోటితో గీరి చూసింది. తర్వాత నావైపు చూసింది.

చర్చిలో అమ్మ పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆంటీ రానే వచ్చింది.

"ఈసారి ఏం పాడుచేశారు వదినా?"

అమ్మ తాపీగా వెతికి, అన్నిటికన్నా నల్లటి ముక్క ఏరి తన చేత్తో అందించింది. ఆవిడ గట్టిగా కొరికింది. పైపళ్లూ కిందిపళ్లూ అతుక్కుపోయాయి. చుట్టూ అందరూ మామూలు ముక్కలు తింటూ తెగ మెచ్చుకుంటున్నారు. అమ్మ ఎంతో మర్యాదగా, "బాగుందా వదినా?" అని అడిగింది. అందరూ ఆవిడవైపే చూస్తున్నారు. కళ్లనీళ్లతో తలూపక తప్పలేదు.

"అయితే ఇంకోటి తీసుకోండి," అంటూ అమ్మ మరో నల్ల ముక్క ఆవిడ చేతిలో పెట్టింది. నా కడుపు చల్లబడింది.

పగ పెట్టుకోకూడదని సండే స్కూల్లో మాకు చెప్పేవారు. నేనూ మా మనవలకి అదే చెబుతాను. కానీ ప్రతి క్రిస్మస్‌కీ గోజినాకి చేసినప్పుడు, గిన్నె అడుగున కాస్త మిగిల్చి మళ్లీ పొయ్యి మీద పెడతాను. ఎవరో ఒకరు ఉంటారు.